ఇంటి పెరట్లో బాతులు: కొత్తగా పెంచేవారికి ఒక పాఠం

విశాఖపట్నం నుండో, శ్రీకాకుళం నుండో, హైదరాబాదు నుండో ఉద్యోగరీత్యా దిగపహండికి తరలివచ్చిన తెలుగు కుటుంబాలకు ఇక్కడ అద్దె ఇంటితోపాటు అనుకోకుండా లభించేది పెరడు. మూడవ అంతస్తు బాల్కనీలో రెండు తులసికుండీలతో కాలం గడిపినవారికి ఒక నుయ్యి, ఒక మునగచెట్టు, రెండు అరటిపిలకలు ఉన్న ఖాళీ నేల కనబడగానే ఏదో ఒకటి పెంచాలన్న కోరిక కలగడం సహజం. సంతలో గంపనిండా పసుపుపచ్చని నూగుతో కిచకిచలాడే బాతుపిల్లలను చూసి పిల్లలు మారాము చేస్తారు. ధర కూడా ఎక్కువ కాదు. అట్టపెట్టెలో పెట్టి ఇంటికి తెస్తారు. ఆ సాయంత్రం ఇంటిల్లిపాదికీ పండుగే. నెల తిరిగేసరికి పెరడంతా బురద, గోడ అవతలి వారి ఫిర్యాదు, రెండు పిల్లల మరణం, మిగిలినవాటిని ఎవరికి అప్పగించాలన్న చింత. ఈ నెలరోజుల మధ్య ఏమి జరుగుతుందో, దానిని ఎలా నివారించవచ్చునో చెప్పడం ఈ పాఠం ఉద్దేశం.

ముందుగా ఒక మాట. ఒడియాలో బాతును 'బతక' అంటారు. మన చెవికి అది 'బతకడం' అన్న మాటలాగా వినిపిస్తుంది. పశువైద్యశాల గోడమీద 'బతక పాళన' అన్న మాటను మొదటిసారి చదివినప్పుడు ఇదేదో జీవనోపాధి పథకమని భ్రమపడిన తెలుగువారు లేకపోలేదు. ఆ భ్రమలో కొంత నిజం కూడా ఉంది. ఈ పక్షిని తేవడం సులభం, బతికించడమే విద్య.

బాతుల పెంపకం మనవారికి కొత్తది కాదు. కృష్ణా, గోదావరి డెల్టాలలో వరికోతలు ముగిసిన మళ్ళలో వందల సంఖ్యలో బాతులను ఒక కర్రతో అదిలిస్తూ తిప్పుకునేవారిని రైలు కిటికీలోనుండి చూడని ఆంధ్రులు అరుదు. ఆ దృశ్యమే మనలను మోసగిస్తుంది. అక్కడ రాలిన గింజ, నత్త, పురుగు, కాలువ నీరు అన్నీ పొలమే సమకూరుస్తుంది. కాపరి చేయవలసినది దారి చూపడం, కావలి కాయడం. పట్టణంలో నాలుగు గోడల మధ్య పెంచేటప్పుడు ఆ పొలం చేసే పని అంతా ఇంటివారిమీద పడుతుంది. అందులో అన్నిటికంటే బరువైనది నీటి పని. బాతును ఇంటికి తెచ్చుకున్నవారు నిజానికి తెచ్చుకున్నది ప్రతిరోజూ తోడవలసిన, పారబోయవలసిన, పారబోసేందుకు చోటు వెతకవలసిన కొన్ని బిందెల నీటిని. ఈ సంగతి తెలిసి తెచ్చుకున్నవారు సాధారణంగా చింతించరు. తెలియక తెచ్చుకున్నవారిని గూర్చే ఈ వ్యాసం.

మొదటి పొరపాటు మొదటి సాయంత్రమే జరుగుతుంది. బాతు గనుక ఈదుతుందని, పిల్లలను టబ్బులో వదులుతారు. మా ఇంట జరిగినది కూడా అదే. మూడు పిల్లలను తెచ్చి, వెడల్పు బేసినులో నీరు పోసి, అవి ఈదుతుంటే అరగంటసేపు ఆనందించి, తడి నూగుతోనే పెట్టెలో పడుకోబెట్టాము. మార్గశిరమాసపు రాత్రి. తెల్లవారేసరికి ఒకటి కాళ్ళు చాచి ఉంది. మా అమ్మాయి దానిని ఇంకా నిద్రపోతున్నదనుకుంది. కారణం తరువాత తెలిసింది. ఎదిగిన బాతుకు తోక మొదట నూనె గ్రంథి ఉంటుంది. ముక్కుతో ఆ నూనెను తీసి ఈకలకు పూసుకుంటుంది కనుక నీరు అంటదు. తల్లితో తిరిగే పిల్లలకు తల్లి రెక్కల కింద దూరినప్పుడు ఆ నూనె కొంత నూగుకు అంటుతుంది. యంత్రంలో పొదిగించి సంతకు తెచ్చిన పిల్లకు ఆ రక్షణ లేదు. దాని నూగు దూదివలె నీటిని పీల్చుకుంటుంది, ఒళ్ళు చల్లబడుతుంది. కనుక మొదటి మూడు నాలుగు వారాలు పిల్లలను నీటిలో వదలకూడదు. తాగడానికి నీరు ఉండాలి గాని మునగడానికి కాదు.

అయితే తాగే నీటి విషయంలో మరొక సూక్ష్మం ఉన్నది. కోడిపిల్లకు పెట్టే లోతులేని మూత బాతుపిల్లకు చాలదు. మేతతో దాని ముక్కురంధ్రాలు మూసుకుపోతాయి. ముక్కును నీటిలో పూర్తిగా ముంచి ఆడిస్తేనే అవి శుభ్రపడతాయి. కళ్ళు కూడా అలాగే. అందుచేత పాత్ర ముక్కు మునిగేంత లోతుగా ఉండాలి, పిల్ల పడిపోయేంత వెడల్పుగా ఉండరాదు. లోతైన చిన్న గిన్నెలో శుభ్రమైన గులకరాళ్ళు వేసి, వాటి సందుల్లో నీరు నిలిచేటట్లు పెడితే ఈ రెండూ కుదురుతాయి. మేత పక్కన నీరు లేకుండా ఎప్పుడూ పెట్టకూడదు. పొడి తవుడు, నూకలు గబగబా మింగి నీరు దొరకక గొంతు పట్టుకుని చనిపోయిన పిల్లలున్నాయి. రాత్రి నీటిగిన్నె తీసివేస్తే మేతగిన్నె కూడా తీసివేయాలి.

వెచ్చదనం గూర్చి లెక్క ఇలా ఉంటుంది. మొదటి వారం పిల్లలున్న చోట సుమారు 32 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. తరువాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ పోవచ్చు. గంజాంలో వైశాఖమాసపు పగటివేళ ఆ వేడి మనం ఇవ్వకుండానే ఉంటుంది, ఆ మాటకొస్తే ఎక్కువే. చలికాలపు రాత్రులలో అట్టపెట్టె పైన ఒక మామూలు గుండ్రటి బల్బు వేలాడదీయాలి. ఎల్‌ఇడి దీపం వెలుతురునిస్తుంది గాని వేడినివ్వదు. ఈ కాలపు ఇళ్ళలో పాత బల్బు కోసం వెతకవలసిరావడం కూడా ఒక ఇబ్బందే. థర్మామీటరు లేనివారు పిల్లలనే చూసి తెలుసుకోవచ్చు. బల్బు కింద ఒకదానిమీదొకటి ఎక్కి ముడుచుకుంటే చలి వేస్తున్నది. మూలలకు పోయి నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే వేడి ఎక్కువైనది. అటూ ఇటూ తిరుగుతూ మేస్తుంటే సరిపోయినది. కింద పరిచేందుకు వరి ఊక మంచిది. వార్తాపత్రిక పరిస్తే జారి కాళ్ళు విడిపోతాయి.

మేత విషయంలో పట్టణవాసులకు రెండు అలవాట్లుంటాయి. ఒకటి బ్రెడ్డు, బిస్కట్లు వేయడం. ఇవి కడుపు నింపుతాయి గాని ఎముకను పెంచవు. రెండవది దుకాణంలో దొరికే కోడిపిల్లల దాణానే పెట్టడం. ఇది మెరుగే. అయినా బాతుపిల్లకు నియాసిన్ అనే బి3 విటమిను కోడిపిల్లకు కావలసిన దానికి దాదాపు రెట్టింపు అవసరం. అది చాలకపోతే మడమ కీళ్ళు వాచి, కాళ్ళు వంకరపోయి, పిల్ల నడవలేక కూలబడుతుంది. తొందరగా గమనిస్తే నయమవుతుంది. ఆలస్యమైతే ఆ వంకర నిలిచిపోతుంది. దాణాలో కొద్దిగా ఈస్టు పొడి కలపమని పశువైద్యులు చెబుతారు. ఎంత కలపాలో, ఏ దాణాకు కలపాలో వారినే అడగడం మేలు.

ఇక ఇక్కడి వాతావరణంలో అత్యంత ప్రమాదకరమైనది బూజు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు కారణం తెలియని వ్యాధితో చనిపోయాయి. బాతుపిల్లలు కూడా అలాగే రాలిపోయాయి. పరిశోధించగా బ్రెజిల్ నుండి దిగుమతి అయిన వేరుశెనగ పిండిలో బూజు పుట్టించిన విషం బయటపడింది. దానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. ఆ విషాన్ని ఎంత స్వల్పంగా ఉన్నా పట్టి చూపే ప్రాణి బాతుపిల్లే కనుక తొలినాళ్ళలో ప్రయోగశాలల్లో దానినే పరీక్షకు వాడారు. అంటే మనుషులు, పశువులు తిని తట్టుకునేంత బూజు కూడా బాతు కాలేయాన్ని చెడగొట్టగలదు. వానాకాలంలో తడి తగిలిన వేరుశెనగ చెక్క, మొక్కజొన్న, ముక్కవాసన వచ్చే నూకలు, 'పారవేయడమెందుకు, బాతులకు వేద్దాం' అనుకుని ఇంట్లో పక్కనపెట్టిన పాత పప్పులు ఏవీ వాటికి పెట్టకూడదు. మన ఇళ్ళలో పొదుపు ఒక సద్గుణం. ఈ ఒక్కచోట అది పనికిరాదు. దాణాను వారానికి సరిపడా మాత్రమే కొని, మూత ఉన్న డబ్బాలో, నేలకు ఎత్తుగా పెట్టుకోవాలి.

మిగిలిన అన్నం పెట్టవచ్చునా అని చాలామంది అడుగుతారు. ఎదిగిన బాతులకు ఉప్పు లేని అన్నం, తవుడు, తరిగిన ఆకుకూరలు, తోటలో ఏరిన నత్తలు నిరభ్యంతరంగా పెట్టవచ్చు. వేసవిలో ఇక్కడి వారి 'పఖాళ', మన తరవాణి అన్నం మిగిలితే వేస్తుంటారు. ఉప్పు వేసిన పులుసు నీటిని వంచివేసి, మంచినీటితో కడిగి వేయాలి. ఉప్పు ఎక్కువైతే బాతు తట్టుకోలేదు. పెరట్లో పడి ఉన్న మేకులు, తీగముక్కలు, తళతళలాడే ప్రతి వస్తువునూ బాతు మింగుతుంది. ఇల్లు కొత్తగా మరమ్మతు చేయించుకున్నవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఒక్క పిల్లనే తెచ్చుకోవచ్చునా? పిల్లల కోసం తెచ్చేవారు సాధారణంగా ఒకటే తేవాలనుకుంటారు. దీనికి సమాధానం ఆస్ట్రియా దేశపు శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్ పరిశోధనలో ఉంది. వియన్నా సమీపంలోని ఆల్టెన్‌బర్గ్‌లో తన ఇంటి తోటలోనే ఆయన బాతులను, పెద్దబాతులను పెంచి వాటి ప్రవర్తనను పరిశీలించారు. గుడ్డులోనుండి వెలువడిన కొద్ది గంటలలో పిల్ల తన ముందు కదిలి పలికే ప్రాణిని తల్లిగా భావించి దాని వెంటపడుతుందని ఆయన లోకానికి చూపారు. 1973లో మరి ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి పొందారు. బాతుపిల్లలు తనను అనుసరించాలంటే తాను వంగి నడుస్తూ ఎడతెగకుండా బాతుకూత కూయవలసి వచ్చిందట. ఎత్తైన గడ్డిలో పిల్లలు కనబడక, కూస్తూ దేకుతున్న ఈ పెద్దమనిషి మాత్రమే కనబడి కంచె అవతలివారు నిశ్చేష్టులయ్యారని ఆయనే రాసుకున్నారు. మన విషయానికి వస్తే, ఒంటరిగా పెరిగిన పిల్ల మనిషినే తన జాతిగా ఎంచుకుంటుంది. చూడడానికి ఎంతో ముద్దుగా ఉంటుంది. కాని ఇంటివారు బడికి, కార్యాలయానికి వెళ్ళగానే అది అరవడం మొదలుపెడుతుంది. తాళం వేసిన తలుపు ముందు పగలంతా అరుస్తుంది. ఆ అరుపు వినేది మనం కాదు, గోడ అవతల ఉన్న ముసలివారు, పసిపిల్లలు. కనీసం రెండు పిల్లలుండాలి, మూడైతే మరీ మంచిది.

రెండు మగవి వస్తే? ఇది ముందుగా చెప్పడం కష్టం. ఆరు నుండి ఎనిమిది వారాల వయసులో గొంతు మారుతుంది. గట్టిగా 'బ్యాక్ బ్యాక్' మనేది ఆడది. గొంతు బొంగురుపోయినట్లు మెల్లగా పలికేది మగది. పూర్తిగా ఎదిగాక మగదాని తోకమీద పైకి ముడిచిన ఈకలు కనబడతాయి. ఒక మగబాతుకు అయిదారు ఆడబాతులుండడం సరైన పాళ్ళు. ఒక ఆడబాతుకు ఇద్దరు మగలైతే దాని మెడ, వీపు గాయపడతాయి. గుడ్లకోసం మగబాతు అవసరమే లేదు. పిల్లలు కావాలంటేనే ఉండాలి.

సంతలో అమ్మేవారు 'ఖాకీ' అంటే అది ఖాకీ కాంప్‌బెల్ జాతి. ఇరవయ్యవ శతాబ్ది తొలి ఏళ్ళలో ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైర్‌లో అడీల్ కాంప్‌బెల్ అనే గృహిణి తన పెరటి బాతులనుండే దీనిని రూపొందించారు. బాగా మేపితే ఏడాదికి 300 వరకు గుడ్లు పెడుతుంది. దానికి తల్లివైపు జాతి అయిన 'ఇండియన్ రన్నర్' పేరులో ఇండియా ఉంది గాని స్వస్థలం జావా ప్రాంతపు దీవులు. నాటు బాతులు తక్కువ గుడ్లు పెట్టినా ఇక్కడి ఎండకు, వానకు అలవాటుపడినవి. ముఖంమీద ఎర్రటి బొడిపెలున్న మస్కోవీ బాతు వేరే జాతి. అది అరవదు, బుసకొడుతుంది. పట్టణానికి అదొక సుగుణమే. అయితే అది ఎగరగలదు, పిట్టగోడ దాటి పొరుగింటి నీళ్ళ ట్యాంకుమీద కూర్చోగలదు. సాధారణ జాతుల గుడ్లు 28 రోజుల్లో పొదిగితే మస్కోవీ గుడ్లకు 35 రోజులు పడుతుంది.

బాతులు చాలావరకు తెల్లవారుజామున గుడ్లు పెడతాయి. కనుక ఉదయం ఎనిమిది తొమ్మిది గంటలవరకు గూటిలోనే ఉంచితే గుడ్లు ఊకలో దొరుకుతాయి. ముందే వదిలితే బురదలో, కాలువలో వెతుక్కోవాలి. బాతు గుడ్లను పచ్చసొన గట్టిపడేవరకు ఉడికించి తినాలి. సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి వీటిద్వారా రావచ్చు. పక్షులను తాకిన పిల్లలచేత సబ్బుతో చేతులు కడిగించాలి. అయిదేళ్ళలోపు పిల్లలు బాతును ముద్దుపెట్టుకోకుండా చూడాలి. ఈ నిషేధాన్ని అమలుపరచడం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుసు.

ఎదిగిన బాతుల నీటి సంగతికి వద్దాం. వాటికి చెరువు ఉండి తీరాలన్న నియమం లేదు. తల పూర్తిగా మునిగే ఒక పాత్ర, ఒళ్ళు కడుక్కునేందుకు ఒక వెడల్పు టబ్బు చాలు. కాని ఆ టబ్బు నీరు పూట గడిచేసరికి బురదనీరవుతుంది. ప్రతిరోజూ మార్చాలి. మార్చకపోతే రెండు నష్టాలు. మొదటిది బాతుకు: మురికినీటిలో తిరిగితే నూనె పూత చెడి ఈకలు తడుస్తాయి, కళ్ళు కుసుస్తాయి. రెండవది వీధికంతటికీ: దోమ గుడ్డు పెద్దదోమగా మారడానికి సుమారు వారం పది రోజులు పడుతుంది, నిలవ ఉన్న టబ్బు డెంగీ దోమకు పుట్టిల్లవుతుంది. రోజూ పారబోసే టబ్బులో దోమ పెరగదు. ఈ ఒక్క కారణంచేత నీటి మార్పిడిని వాయిదా వేయరాదు.

పారబోసేదెక్కడ? కుళాయి వేళలు చూసి పట్టుకున్న నీటిని వీధికాలువలో పోయడం అన్యాయం, పైగా రెట్టతో, ఊకతో కలిసిన ఆ నీరు కాలువను పూడుస్తుంది. అదే నీరు అరటికి, మునగకు, కూరపాదులకు మంచి ఎరువు. టబ్బును చెట్టు మొదటనే పెట్టి, రోజూ అక్కడే వంచి, వారానికొకసారి చెట్టు మార్చుకుంటే మోతబరువు కూడా తగ్గుతుంది. నూతికి దగ్గరగా మాత్రం పెట్టకూడదు. ఇంటి యజమాని పెరట్లో వాటా ఉన్నవారు, ఒకే నుయ్యి వాడుకునే ఇరుగుపొరుగువారు ముందే మాట్లాడుకోవాలి. పక్షులను తెచ్చిన తరువాత అడిగే అనుమతికి, తేకముందు అడిగే అనుమతికి చాలా తేడా ఉంది. మొదటి గుడ్లలో నాలుగు గోడ అవతలికి పంపడం ఏ నిబంధనలోనూ లేదు గాని బాగా పనిచేస్తుంది. నాలుగైదింటికి మించి పెంచి గుడ్లు అమ్మదలచినవారు నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్ కార్యాలయంలో నిబంధనలు తెలుసుకున్న తరువాతే మొదలుపెట్టాలి.

డాబామీద పెంచాలనుకునేవారికి ఒక హెచ్చరిక. ఎండకు కాలిన సిమెంటు బాతు అరికాళ్ళను పుండు చేస్తుంది. ఆ పుండు లోపలికి దిగి చీముపట్టి నడక ఆగిపోతుంది. నీడ, ఊక, తడి మట్టి లేని డాబా బాతుకు తగిన చోటు కాదు.

రాత్రి కాపలా విషయం క్లుప్తంగా చెబుతాను. కుక్క, పిల్లి, ముంగిస, పునుగుపిల్లి, జెర్రిపోతు ఈ ఊళ్ళో అన్నీ ఉన్నాయి. బాతు చెట్టెక్కలేదు, పరుగెత్తలేదు. చీకటిపడేలోగా తలుపున్న గూటిలో పెట్టి గడియ వేయాలి. కోళ్ళ వలలో పెద్ద రంధ్రాలుంటే ముంగిస దూరుతుంది. సన్నని ఇనుప జాలీ వాడాలి. బాతు ఒక్కింటికి నాలుగు చదరపు అడుగుల చోటు, పైభాగాన గాలి ఆడే సందు ఉంటే చాలు. బాతులకు చలికంటే గాలి ఆడని ఉక్క ఎక్కువ హాని చేస్తుంది.

తుపాను రోజుల గూర్చి వేరుగా చెప్పవలసి ఉంది. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ వద్ద ఫైలిన్ తీరం దాటిన రాత్రిని, 2018 అక్టోబరు 11నాటి తిత్లీని ఈ జిల్లావారు మరువలేదు. బాతు వానను ప్రేమిస్తుందని బయట వదిలివేయరాదు. చంపేది వాన కాదు, ఎగిరివచ్చే రేకులు, విరిగిపడే కొమ్మలు, కూలే గూడు. హెచ్చరిక వినగానే స్నానాల గదిలో ఊక పరిచి వాటిని లోపల పెట్టాలి. కరెంటుతోపాటు కుళాయి కూడా ఆగిపోతుంది కనుక ఇంటివారికి నిలవచేసే నీటిలో బాతుల తాగునీటికి కూడా రెండు బిందెలు లెక్కవేసుకోవాలి. ఈదే నీరు ఆ రెండు రోజులూ లేకపోయినా ఫరవాలేదు.

వ్యాధులలో ఇంటివారు తప్పక తెలుసుకోవలసినవి మూడు. బాతు ప్లేగుకు, బాతు కలరాకు టీకాలున్నాయి. ప్లేగు టీకాను సాధారణంగా 8 నుండి 12 వారాల మధ్య వేస్తారు. నాలుగు బాతులకోసం టీకా సీసా తెరవడానికి వైద్యశాలవారు సందేహిస్తే, చుట్టుపక్కల పెంచేవారంతా ఒకేరోజు తీసుకువెళ్ళడం ఉపాయం. పొరుగు ఒడియా కుటుంబాలతో పరిచయానికి ఇదొక మంచి సందర్భం కూడా.

మూడవది బర్డ్ ఫ్లూ. దీనికి ఇంటివారి చేతిలో మందు లేదు. బాతుకు దీనితో ఒక ప్రత్యేక సంబంధముంది: కోడి ఒకటి రెండు రోజుల్లో చనిపోతే, బాతు పలుమార్లు ఏ లక్షణమూ చూపకుండా వైరస్‌ను మోసుకు తిరుగుతుంది. 2014 చివర కేరళలోని కుట్టనాడులో ఈ వ్యాధి వచ్చినప్పుడు లక్షలలో బాతులను చంపవలసి వచ్చింది. మన రాష్ట్రంలోనే 2024 ఆగస్టులో పూరీ జిల్లా పిప్పిలిలో వచ్చింది. వ్యాధి నిర్ధారణ అయితే ఆ కేంద్రానికి ఒక కిలోమీటరు పరిధిలోని పెంపుడు పక్షులన్నిటినీ నిర్మూలిస్తారు. వ్యాపారి ఫారమా, పిల్లలు పేరుపెట్టి పిలిచే రెండు బాతులా అన్న తేడా అక్కడ ఉండదు. యజమానికి పరిహారం ఇస్తారు. పరిహారంతో పిల్లల దుఃఖం తీరదని అధికారులకూ తెలుసు. అయినా ఇంటి వెనుక దాచిపెట్టడం తప్పు. ఆ వ్యాధి మనుషులకు కూడా రాగలదు. పెంపుడు ప్రాణులలో అంటువ్యాధి అనుమానం కలిగినప్పుడు తెలియజేయడం 2009నాటి కేంద్ర చట్టం ప్రకారం యజమాని విధి. ఒక్కసారిగా పక్షులు చనిపోతే వట్టిచేతులతో తాకకూడదు, కాలువలో పారవేయకూడదు, కోసుకుని తినకూడదు. పశువైద్యశాలకు వెంటనే తెలపాలి.

ఈ ప్రమాదాన్ని తగ్గించే మార్గం ఒకటుంది: మన బాతులను అడవిపక్షులతో కలవనివ్వకపోవడం. చలికాలంలో చిలికా సరస్సుకు దూరదేశాల నుండి లక్షల పక్షులు వస్తాయి. ఘోడాహడ జలాశయం వంటి నీటిపట్టులమీద, పొలాల గుంటల్లో కూడా నీటిపక్షులు వాలుతాయి. ఆ నెలల్లో బాతులను చెరువుకు తోలకుండా పెరట్లోనే ఉంచడం, మేతగిన్నెను కప్పు కింద పెట్టడం వివేకం. అలాగే చలికాలంలో ఎవరైనా రహస్యంగా అడవిబాతులనో, ఈలవేసే చిన్నబాతులనో అమ్మచూపితే కొనరాదు. వాటిని పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పెంచుకుందామన్న సదుద్దేశం ఉన్నా చట్టం దృష్టిలో తేడా లేదు.

జబ్బు చేసినప్పుడు భాష అడ్డుగా నిలవడం మనవారికి తరచుగా ఎదురయ్యే ఇబ్బంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలో భాగం. పెద్దకిమిడి జమీందారీకి దిగపహండే ముఖ్యపట్టణం. కనుక బజారులో తెలుగు తెలిసినవారు ఇప్పటికీ తటస్థపడతారు. పశువైద్యశాలలో మాత్రం ఆ ఆశ పెట్టుకోకూడదు. అక్కడి బోర్డుమీద 'ప్రాణీ చికిత్సాళయ' అని ఉంటుంది. బాతుపిల్లను 'బతక ఛుఆ' అనాలి. గుడ్డు 'అండా', నీరు 'పాణి', టీకా 'టికా'. మేత ముట్టడం లేదని చెప్పడానికి 'ఆమ బతక ఖావు నాహి' అంటే సరిపోతుంది. టీకా ఎప్పుడు వేస్తారని అడగాలంటే 'టికా కేబే దేబే?' అనాలి. 'రోగ' మనకూ వారికీ ఒకటే మాట. సంచార పశువైద్య వాహనాన్ని పిలవడానికి 1962 నంబరు ఉంది. మరింత వివరంగా నేర్చుకోదలచినవారు బరంపురం దగ్గరి గొళంతరలో ఉన్న కృషి విజ్ఞాన కేంద్రాన్ని సంప్రదించవచ్చు.

చివరగా, ఎవరూ ముందుగా ఆలోచించని ప్రశ్న. బాతు ఎనిమిది పదేళ్ళు బతుకుతుంది. మనలో చాలామందికి మూడేళ్ళకొకసారి బదిలీ. సామాను లారీ వాకిట్లో నిలిచిన రోజున బాతులను ఊరి చెరువులో వదలి 'హాయిగా ఈదుకుంటాయి' అనుకోవడం మామూలైపోయింది. గూటిలో, గిన్నెలో మేతకు అలవాటుపడిన బాతుకు చెరువులో ఆహారం వెతుక్కోవడం తెలియదు. ఎగరలేదు కనుక మొదటి రాత్రే కుక్కల పాలవుతుంది. ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో ప్రాణిని వదిలివేయడం 1960నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షను కింద నేరం కూడా. బాతులను ఇప్పటికే పెంచుతున్న కుటుంబాన్ని వెతికి, మేతగిన్నె, మిగిలిన దాణా, టీకా వేసిన తేదీ రాసిన కాగితంతో సహా అప్పగించాలి. వారు గుడ్లకోసం తీసుకుంటున్నారా, మాంసంకోసమా అన్నది మొహమాటపడకుండా అడగాలి. జవాబు ఏదైనా ఇంట్లో పిల్లలకు అబద్ధం చెప్పకూడదని నా అభిప్రాయం. దీనిమీద మా ఇంట్లోనే ఏకాభిప్రాయం లేదు.

మా మూడింటిలో మిగిలిన రెండూ ఇప్పుడు నాలుగవ ఏట ఉన్నాయి. రెండూ ఆడవే. ఉదయం అయిదున్నరకు మొదలుపెడతాయి. టబ్బు ఈ వారం కరివేపాకు మొక్క దగ్గర ఉంది.